సముద్రానికి వేటకెళ్ళిన పనసగుడ మగాళ్ళు

అరకు రోడ్డుకు అడ్డంగా తాడు పట్టి, ఒక కొసన మాధవిని నిలబెట్టారు పనసగుడ ఆడవాళ్ళు. విశాఖపట్నంలో ఏసీ గదిలో కూర్చుని ఉద్యోగం చేసే పిల్ల ఈ పనికి పనికొస్తుందా అని ముందు కొందరు మూతి విరిచారు గానీ, మొదటి టూరిస్టు కారుతోనే ఆ అనుమానం తీరిపోయింది. కారులో ఉన్న పెద్దమనిషి అద్దం దించి ఏమిటమ్మా ఇదంతా అన్నాడు. "ఇటుకల పండగండీ. మగాళ్ళు అడవిలో వేటాడుతున్నారు, మేం రోడ్డు మీద వేటాడుతున్నాం" అంది మాధవి, మొహంలో నవ్వన్నది లేకుండా. ఆయన మారు మాట్లాడకుండా జేబులో చెయ్యి పెట్టాడు. ఆయన భార్య అయితే కారు దిగి, ఆడవాళ్ళ నడుములు పట్టుకుని థింసాలో నాలుగడుగులు వేసి, చెప్పు తెగ్గొట్టుకుని, ఆ తెగిన చెప్పు చేత్తో పట్టుకునే సంబరంగా వెళ్ళిపోయింది.

చైత్రంలో ఈ పండగొస్తే కొండల్లో ఆడవాళ్ళని పట్టడం ఎవరి తరమూ కాదు. మగాళ్ళు విల్లంబులు భుజాన వేసుకుని అడవికి పోతారు. ఏదో ఒకటి పట్టుకొస్తే వాడు మొనగాడు, ఊరంతా ఊరేగింపు. ఉత్త చేతులతో వచ్చాడా, ఊరి మొదట్లోనే పేడనీళ్ళతో అభిషేకం. ఇప్పుడు అడవిలో ఏముంది చెప్పండి, కాఫీ తోటలూ మిరియాల తీగలూ తప్ప. ఉన్న ఒకటీ అరా కుందేలుకి ఫారెస్టు వాళ్ళ కాపలా. అయినా సరే ఆడవాళ్ళు వినరు. పోయినేడు ఒకడు సంతలో బ్రాయిలర్ కోడిని కొని, దానికి బాణం గుచ్చి, ఒగర్చుకుంటూ వచ్చాడు. అడవికోడి ఇంత తెల్లగా ఎప్పటినుంచి ఉంటోందిరా అని మేనమామ పెళ్ళాం అడిగింది. వాడికి ఆ ఏడు రెండు కుండలు ఎక్కువ పోశారు.

ఆ ఒకడు ధనుంజయ్. మాధవికి మేనత్త కొడుకు, కాబోయే మొగుడు. అరకు, పాడేరు మధ్య జీపు నడుపుతాడు. మాట పుట్టాక ధనుంజయ్ పుట్టాడో, ధనుంజయ్ పుట్టాక మాట పుట్టిందో తెలియనంత మాటకారి. విల్లు పట్టుకున్నప్పుడు మాత్రం ఆ బాణం ఎప్పుడూ గురి తప్పకుండా చెట్టుకే తగిలేది. వాళ్ళ నాన్న యర్రయ్య ఒకప్పుడు దుప్పిని కొట్టిన మనిషి. కొడుకు పరువు పోతుంటే ఆయనకి అన్నం సయించేది కాదు.

పండగకి సెలవు పెట్టి వచ్చే ముందు మాధవి ఫోనులో అంది: "బావా, ఈ ఏడు కూడా ఉత్త చేతులతో వచ్చావంటే మొదటి కుండ నాదే. పెళ్ళి మాట మళ్ళీ ఏటికి." నవ్వుతూనే అంది. ధనుంజయ్‌తో ఇంకే విషయమైనా నవ్వుతూ అనొచ్చు, వేట సంగతి తప్ప. ఆ ముక్క వినగానే అంత మాటకారీ జీపు పని ఉందని ఫోను పెట్టేశాడు. అప్పుడే అనుమానించాల్సింది ఆ పిల్ల. అనుమానించలేదు, రోడ్డు మీద తాడు పట్టుకుని గెంతులేస్తోంది.

అలా గెంతులేస్తుండగా ఎండుచేపల సూర్యనారాయణ ట్రాలీ ఆటో వచ్చి తాడు దగ్గర ఆగింది. భీమిలి అవతల రాయిపేట అనే జాలరి ఊరు ఆయనది. వారం వారం అరకు సంతలో ఎండుచేపలు పోసుకుని కూర్చుంటాడు. పావలా దగ్గర కూడా అరగంట బేరమాడే మనిషి. అలాంటి వాడు ఇవాళ అడక్కుండానే వంద నోటు తీసి మాధవి చేతిలో పెట్టాడు. ఆడవాళ్ళకి నవ్వాగిపోయింది.

"ఏటి సూర్నారాయణా, ఒంట్లో బాగున్నాదా" అంది సోములమ్మ. ఈమే మాధవి మేనత్త, ధనుంజయ్ తల్లి. ఊళ్ళో అందరికన్నా గట్టి గొంతు ఈమెది.

సూర్యనారాయణ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "మీ ఆయనా, మీ గుంటడూ అడివికెల్లలేదమ్మా. మా ఊరొచ్చినారు. అడివిలో ఏటీ నేదు, సముద్రంలో వేటాడతాం, మీ తమ్ముడి పడవ పెట్టు అన్నారు. నాను వొద్దన్నాను. ఇన్నారా? నిన్న సీకటితో మా తమ్ముడు మల్లేశు పడవెక్కి ఎల్లినారు. నిన్న సాయంత్రానికి రావాల. ఇప్పటికీ రానేదు. పోలీసోల్లకి సెప్పినాం, ఓడ ఎతుకుతన్నాదంట. నాను ఈ గుంట కోసం వొచ్చినాను. మీ ధనుంజయ్ ఊరందరికీ సెప్పినాడు, మా మాధవి సముద్రాన్ని కంపూటర్లో పెట్టుకుంటాదని."

తాడు మాధవి చేతిలోంచి జారి రోడ్డు మీద పడింది. వెనకాల ఆగిన వ్యాను వాడు అదే సందని ముందుకు పోయాడు. ఎవరూ ఆపలేదు.

సోములమ్మ నోరు తెరిచింది. ఏడుస్తుందనుకున్నారు అందరూ. "ముసలోడు గెడ్డ నీల్లలో దిగితే మోకాలు లోతు దాటడు, ఈత రాదు, సముద్రమేటి సముద్రం" అని మొదలుపెట్టి, మొగుణ్ణి, కొడుకుని, మల్లేశుని, మల్లేశు పడవని, సముద్రాన్ని వరసగా తిట్టింది. తిడుతున్నంతసేపూ ఆమె చెయ్యి మాధవి చేతిని నలిపేస్తూనే ఉంది.

మాధవి ఉద్యోగం ఇదే. తీరం వెంబడి నిలబెట్టిన రాడార్ స్తంభాలు సముద్రం పైనీళ్ళు ఎటు కదులుతున్నాయో, ఎంత జోరుగా కదులుతున్నాయో కనిపెట్టి చెబుతుంటాయి. అది తన తెర మీద బోలెడన్ని చిన్న చిన్న బాణాలుగా కనబడుతుంది. ఏ పడవైనా తప్పిపోతే ఆఖరున ఎక్కడుందో కనుక్కుని, నీటి పోకడా గాలీ కలిపి, ఇప్పటికి ఎక్కడికి చేరి ఉంటుందో లెక్క కట్టి, మ్యాపు మీద ఓ పెట్టె గీసి కోస్ట్ గార్డుకి పంపాలి. ఎన్నో పెట్టెలు గీసింది. ఏ పెట్టెలోనూ ఇంతవరకూ తన వాళ్ళు లేరు. ఇప్పుడు బావ ఉన్నాడు, అదీ తను అన్న ఒక్క ముక్కకి పౌరుషం తెచ్చుకుని వెళ్ళినవాడు. వాడు రాకపోతే తను ఎలా బతకాలో ఆ పిల్లకి తెలియలేదు.

"అత్తా, ఫోను అందాల. గుట్టెక్కాల" అంది.

పనసగుడలో ఫోను పలకాలంటే కాఫీ తోట పైన గుట్ట మీదికే పోవాలి. మాధవి పరుగెత్తింది. ఆమె వెనక సోములమ్మ, ఆ వెనక పొట్ట పట్టుకుని సూర్యనారాయణ, వాళ్ళ వెనక పండగ చీరల్లో ఊరి ఆడవాళ్ళందరూ. కిరిడీ డోలు వాయించే ఆవిడ దాన్ని అక్కడ పెట్టి రావాలన్న ఆలోచన కూడా లేకుండా మెడలో వేసుకునే ఎక్కింది. దారిలో ఎదురైన మేకల మంద బెదిరి, దిగే దిక్కు లేక, వీళ్ళతో పాటే గుట్టెక్కింది.

పైకెళ్ళగానే ఫోను టింగుటింగుమంటూ నిన్నటి నుంచీ ఆగిపోయిన మెసేజీలన్నీ విడిచిపెట్టింది. వాటిలో ఒకటి ధనుంజయ్ గొంతు. నిన్న మధ్యాహ్నానిది. మాధవి అందరికీ వినబడేలా నొక్కింది.

"మాదవీ, దొరికీసింది" అని అరుస్తున్నాడు ధనుంజయ్, గాలి హోరులో. "కొమ్ముకోనాం సేప. నీ కన్నా పొడుగు. ముక్కు మీద బల్లెం ఉన్నాదే దానికి. మల్లేశు గేలం ఏసినాడు, అయ్య బాణం ఏసినాడు, నాను తాడు కట్టినాను. ఆ తాడే ఎల్లి ఇంజను పంకాకి సుట్టుకుంది. ఇంజను సచ్చింది. పర్నేదు. సేప పడవలోకి ఎక్కట్నేదు, అంత పెద్దది. పక్కకి కట్టీసినాం, సగం నీల్లలోనే ఉన్నాది. ఇప్పుడు పొయ్యి నీ కుండ, ఎలాగ పోస్తావో సూస్తాను." వెనకాల యర్రయ్య పాట వినబడింది. పాడుతున్నది దుప్పి వేట పాట.

గుట్ట మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఆ పైన ఆపుకోవడం ఎవరి వల్లా కాలేదు. సోములమ్మ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది, నవ్వుతూ తిట్టింది. ఇంజను చచ్చినందుకు ఏడవాలో, యర్రయ్య ఈ వయసులో సముద్రం మీద దుప్పి పాట పాడినందుకు నవ్వాలో ఎవరికి తెలుసు?

మాధవి అప్పటికే ఆఫీసుకి ఫోను కలిపింది. డ్యూటీలో ఉన్నది భాస్కర్, ఆమె పై ఉద్యోగి. నెమ్మదస్తుడు, దేనికీ తొందరపడడు. అందరూ వినాలని ఆమె స్పీకరు పెట్టింది.

"ఆ పడవ సంగతేగా? పొద్దున్నే లెక్క కట్టి పంపాను మాధవీ" అన్నాడు భాస్కర్. "ఇంజను పోయి ఉంటుంది, సరుకు లేని ఖాళీ పడవ, దక్షిణపు గాలి. భోగాపురం ఎదురుగా, ఒడ్డుకు దగ్గర్లో పెట్టె గీశాను. ఓడ పొద్దుటి నుంచీ అక్కడే వెతుకుతోంది. ఏమీ కనబడలేదు. నువ్వెందుకు కంగారు పడుతున్నావు?"

"అందులో ఉన్నది మా బావండీ. మా మావయ్య కూడా."

అటు కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినిపించింది. "నిటారుగా కూర్చున్నాను, చెప్పు" అన్నాడు.

మాధవి చెప్పింది. ఆ పడవ ఖాళీ పడవ కాదు. దాని పక్కన నీళ్ళలో మనిషిని మించిన చేప వేలాడుతోంది. పైన గాలి తోస్తే పడవ కదలాలంటే ఆ చేప ఒప్పుకోవాలి. అది గాలి మాట వినదు, నీళ్ళ మాటే వింటుంది. నీళ్ళు ఎటు పోతుంటే పడవా అటే. "ఒడ్డుకి ఎడంగా పోయే జోరు నీటిని రాడారు ఎటు పోతున్నట్టు చూపిస్తోందో చూడండి."

"ఈశాన్యానికి. కళింగపట్నం వైపు. బాగా లోపలికి." భాస్కర్ గొంతు మారింది. "కానీ మాధవీ, రాత్రంతా గడిచింది. ఇంకా ఆ చేపని పట్టుకునే ఉంటారా? మల్లేశు పుట్టుకతో జాలరి. ప్రాణం మీదికొస్తే తాడు కోసెయ్యడా?"

"మావోడు కోసేత్తాడు బావూ" అన్నాడు సూర్యనారాయణ ఫోను మీదికి వంగి. "ఆల్లిద్దరూ కొయ్యనివ్వాల కదా."

"కొయ్యనివ్వరు" అంది సోములమ్మ.

"ఎవరండీ మాట్లాడేది?"

"ఆ ముసలోడి పెల్లాన్ని. పెల్లైన కొత్తల్లో అడివిపంది పొడిస్తే కాలు సీలిపోయి రగతం కారతన్నా పందిని ఈడ్సుకొచ్చినాడు. సేపని వొగ్గుతాడా? వొగ్గడు."

ఆ పైన ఒక్కొక్కరూ ఫోను లాక్కుని సాక్ష్యం చెప్పారు. వేటలో దొరికినదాన్ని పనసగుడ మగాడు వదలడన్నారు. ఒకావిడ మొగుడు ఉడుముని పట్టుకుని, అది తిరిగి వాణ్ణి పట్టుకుంటే ఊరి దాకా అలాగే వచ్చాడట. ధనుంజయ్‌కి పుట్టాక దొరికిన మొదటి వేట ఇది, వాణ్ణి వదలమనడం దండగన్నారు. ఆఖరున కిరిడీ ఆవిడ ఏం చెప్పాలో తోచక రెండు దెబ్బలు వాయించి ఫోను మాధవికిచ్చింది.

"నేను ఈ ఉద్యోగంలో చేరాక ఇలాంటి డేటా ఎప్పుడూ తీసుకోలేదు" అన్నాడు భాస్కర్. తర్వాత గొంతు తగ్గించాడు. "ఒక్కటే ఓడ ఉంది మాధవీ. లోపలికి పంపితే ఒడ్డు దగ్గర వదిలేసినట్టే. చీకటి పడేలోపు రెండూ కుదరవు. నీ మాట మీద పంపమంటావా?"

గుట్ట మీద మేక ఒకటి అరిచింది. ఎవరూ దాన్ని అదిలించలేదు. మాధవి కళ్ళు మూసుకుని బాణాలని తలుచుకుంది. తాడు కోసేసి ఉంటే గాలే వాళ్ళని ఒడ్డు వైపు తోస్తుంది, ఎవరో ఒకరి కంట పడతారు. కోయకపోతే గడిచే ప్రతి గంటా వాళ్ళని లోపలికి లాక్కుపోతుంది, అటు చూసే కన్నే లేదు. లెక్క అలా చెబుతోంది. లెక్క తప్పితే మాత్రం ఈ గుట్ట ఎక్కే మొహం తనకి జన్మలో ఉండదు.

"పంపండి" అంది. "మా బావ వదలడు."

ఆ తర్వాత ఎదురుచూపులు. నవ్వులన్నీ ఎటు పోయాయో పోయాయి. సూర్యనారాయణ స్తంభంలా నిలబడి, అక్కడి నుంచి కనబడని సముద్రం వైపే చూస్తున్నాడు. సోములమ్మ కొడుకు చిన్నప్పుడు మామిడిచెట్టెక్కి దిగలేక ఏడ్చిన సంగతి చెబుతోంది, మధ్యలో ఆపేస్తోంది, మళ్ళీ మొదలెడుతోంది. ఒక ముసలావిడ కొండదేవతకి మొక్కింది. ఇంకొకావిడ ప్రార్థన చేసింది. సముద్రానికి దేవుడెవరో తెలియక ఒకామె సూర్యనారాయణని అడిగి తెలుసుకుని మరీ గంగమ్మకి దణ్ణం పెట్టింది. మాధవి మాత్రం ఫోను వైపే చూస్తూ కూర్చుంది. బ్యాటరీ ఎరుపులోకి దిగితే, కిందికి పరుగెత్తి ఎవరో ఇంటి నుంచి పవర్ బ్యాంకు తెచ్చారు.

పొద్దు కొండ వెనక్కి వాలుతుండగా ఫోను మోగింది.

"దొరికారు" అన్నాడు భాస్కర్. ఎప్పుడూ తొందరపడని మనిషి అరిచాడు. "నువ్వు చెప్పిన వైపే, బాగా లోపల. ముగ్గురూ క్షేమం."

కిరిడీ ఆవిడ ఎవరి అనుమతీ అడక్కుండా వాయించేసింది. మేకలన్నీ చెల్లాచెదురయ్యాయి. సూర్యనారాయణని ఇద్దరు చెరోవైపు పట్టుకుని థింసాలోకి లాగారు. ఎండుచేపల బుట్ట తప్ప ఏదీ ఎత్తి ఎరగని ఆ మనిషి కాళ్ళెత్తి గెంతాడు. మాధవి నేల మీద కూలబడి పెద్దగా ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది.

"ఇంకా అయిపోలేదు, వినండి" అంటున్నాడు భాస్కర్. ఎవరికీ వినబడటం లేదు. "మాధవీ, వాళ్ళు మేం ఓడెక్కం అంటున్నారు. చేప బరువుకి పడవ ఓ పక్కకి ఒరిగిపోయింది, నీళ్ళెక్కుతున్నాయి. కింద సొరచేపలు ఆ చేపని తినడం మొదలెట్టాయట. తాడు కోస్తామని ఓడవాళ్ళు దగ్గరికెళ్తే పెద్దాయన విల్లు ఎక్కుపెట్టాడట. ఓడలో తెలుగొచ్చిన ఆఫీసరున్నాడు. ఆయన్ని కలుపుతున్నాను, వాకీటాకీలో మీవాడితో మాట్లాడు. త్వరగా."

మాధవి చెయ్యెత్తగానే కిరిడీ ఆగింది. ఫోనులో గరగరమని చప్పుడు, గాలి, నీళ్ళు, ఎవరో బకెట్టుతో తోడిపోస్తున్న చప్పుడు.

"అమ్మా, ఇతనికి మీరే నచ్చజెప్పాలి" అన్నాడు ఆఫీసరు. "చేపతో సహా అయితేనే ఎక్కుతాడట."

"బావా" అంది మాధవి.

"మాదవీ." ధనుంజయ్ గొంతు జీరగా, అలిసిపోయి ఉంది. అయినా అందులో పొగరు తగ్గలేదు. "సూసినావా, తెచ్చినాను. ఇంకొంచెం సేపు ఆగమను ఈల్లని. సగం తినీసినాయి గానీ కొమ్ము బాగానే ఉన్నాది."

"తాడు కొయ్యి."

"కోస్తే ఏటి తెస్తాను? ఉత్త సేతులే కదా. పెల్లి మాట మల్లీ ఏటికన్నావు కదా."

మాధవి చుట్టూ చూసింది. ఊరి ఆడవాళ్ళందరూ గుండ్రంగా మూగి, ఆమె మొహంలోకే చూస్తున్నారు. మేనత్త అయితే దాదాపు ఒళ్ళోనే కూర్చుంది. ఇంతమంది ముందు చెప్పే మాట కాదది. ఇద్దరే ఉన్నప్పుడు కూడా ఇంతవరకూ చెప్పలేదు. పడవలో నీళ్ళు తోడే చప్పుడు జోరెక్కింది.

"నాకు సేప వొద్దు, కొమ్ము వొద్దు, ఏటీ వొద్దు" అంది మాధవి, ఏసీ గదిలో నేర్చిన తెలుగంతా ఎటో ఎగిరిపోయి. "నువ్వు కావాల. నువ్వు లేకపోతే నాను బతకనేను. ఉత్త సేతులతోనే రా. బేగి రా."

పడవలో బకెట్టు ఆగింది. ధనుంజయ్ గొంతు మెల్లగా వచ్చింది.

"స్పీకరు పెట్టినావా?"

"పెట్టినాను. ఊరంతా ఉన్నాది. అత్త కూడా ఉన్నాది."

"ఇక్కడ కూడా ఓడంతా ఇంటన్నాది" అన్నాడు ధనుంజయ్. తర్వాత ఎవరితోనో, "అయ్యా, ఆ కత్తి ఇటియ్యి" అన్నాడు. ఏదో తెగిన చప్పుడు, నీళ్ళలో పెద్దగా దబ్బుమన్న చప్పుడు, పడవ లేచి నిలబడ్డట్టు ముగ్గురు మగాళ్ళు ఒకేసారి అన్న "ఓలమ్మో" వినిపించాయి.

"కోసీసినాను" అన్నాడు ధనుంజయ్. "ఇప్పుడు ఇంకోపాలి సెప్పు."

మాధవి ఇంకోసారి చెప్పింది, ఈసారి లేచి నిలబడి, గట్టిగా.